చేపలలో పెంపకము ఎవరి బాధ్యత?

“చేప పిల్లకు ఈత నేర్పవలెనా?” అని మన సామెత. నేర్పనక్కరలేదన్న మాట నిజమే. కాని ఈత నేర్పుట వేరు, కాపాడుట వేరు. గ్రుడ్డు నుండి అప్పుడే వెలువడిన చేపపిల్ల చుట్టుప్రక్కల తిరుగు ప్రతి చేపకును ఆహారమే. ఆ మొదటి దినములలో దానికి అండగా నిలుచువారెవరు?

చేపలలో చాలా జాతులకు అట్టి అండ లేనే లేదు. మన చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి మొదలైనవి నీటిలో గ్రుడ్లు విడిచి తమ దారిని తాము పోవును. ఒక్కొక్క తల్లి లక్షల సంఖ్యలో గ్రుడ్లు పెట్టును. వానిలో బ్రతికి పెద్దవగునవి బహు కొద్ది. ఎముకల అస్థిపంజరము గల చేపల కుటుంబములను లెక్కించి చూచినచో, సుమారు ఐదింట ఒక వంతు కుటుంబములలో మాత్రమే ఏదో ఒక విధమైన సంతాన రక్షణ కనిపించును. అయితే అట్లు రక్షణ ఉన్నచోట ఆ భారమును మోయునది చాలా తరచుగా తల్లి కాదు, తండ్రి. క్షీరదములలో పెంపకము ముఖ్యముగా తల్లిది. పక్షులలో సాధారణముగా ఇద్దరిది. చేపలలో మాత్రము తండ్రికి పెద్దపీట.

ఈ సంగతిని మానవుడు ఎప్పుడు గమనించినాడు? గమనించిన తరువాత కూడ ఎందుకు నమ్మలేకపోయినాడు? నమ్మిన పిదప కారణమును ఎట్లు వెదకినాడు? ఈ ప్రశ్నలకు సమాధానము రెండువేల మూడువందల సంవత్సరముల చరిత్రలో ఉన్నది.

అరిస్టాటిల్ చూచినది, చూడనిది

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) జంతువులను గూర్చి వ్రాసిన గ్రంథములో గ్లానిస్ అను నదీమత్స్యము ప్రస్తావన కలదు. ఇది మన వాలుగ వంటి మీసముల చేప. గ్రుడ్లు పెట్టిన తరువాత ఆడచేప వెడలిపోవుననియు, మగచేప అక్కడనే నిలిచి నలుబది, ఏబది దినముల వరకు గ్రుడ్లను, పిల్లలను కాపాడుననియు ఆయన వ్రాసినాడు. దగ్గరకు వచ్చిన చిన్నచేపలను తరుముటకు అది నీటిలో ఒక విధమైన చప్పుడు చేయునట. ఆ చప్పుడును బట్టి జాలరులు దాని జాడ తెలిసికొనెడివారట. గ్రుడ్లు అంటియున్న నీటిమొక్కల వేళ్ళను లోతు తక్కువగానున్న చోటికి లాగినను తండ్రి చేప వానిని విడువక వెంట వచ్చును; అట్లు వచ్చి గాలమునకు చిక్కును. గాలము సంగతి తెలిసిన చేపయైతే దానిని పండ్లతో కొరికి తుంచునే గాని పిల్లలను విడిచి పోదు.

ఈ వర్ణనలో జాలరుల అనుభవము స్పష్టముగా కనిపించుచున్నది. తండ్రి విశ్వాసమే అతని ప్రాణమునకు ముప్పు తెచ్చుననిన సత్యమును వారు ఆనాడే ఎరిగి దానిని తమ వృత్తికి వాడుకొనిరి.

అయితే అదే అరిస్టాటిల్ మరియొక చేప విషయములో పొరపడినాడు. సన్నని గొట్టమువలెనుండు పైపు చేప ఈనునప్పుడు దాని పొట్ట చీలి గ్రుడ్లు వెలువడుననియు, తరువాత ఆ చీలిక మరల అతుకుకొనుననియు ఆయన వ్రాసినాడు. చీలిక ఉన్నమాట నిజమే. గ్రుడ్లు వెలువడుటయు నిజమే. కాని ఆ చేప తల్లి కాదు, తండ్రి! కడుపుతో ఉన్నది తల్లియే కావలెనను తలంపు ఎంత బలమైనదో దీనిని బట్టి ఊహింపవచ్చును. కన్ను చూచినదానికి మనస్సు ముందే పేరు పెట్టి ఉంచినది.

పందొమ్మిదవ శతాబ్ది సాక్ష్యములు

గ్లానిస్ కథను తరువాతి వారు చాలాకాలము పెద్దగా పట్టించుకొనలేదు. స్విట్జర్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ అమెరికా మీసపు చేపలు తమ గ్రుడ్లను కాపాడుట గమనించి, అరిస్టాటిల్ మాటలను మరల పరిశీలించినాడు. గ్రీసులోని అఖెలోస్ నది నుండి చేపలను తెప్పించి చూడగా అవి మధ్య యూరపు నదులలోని మీసపు చేపకంటె వేరైన జాతి అని తేలినది. 1856లో ఆయన దానిని అరిస్టాటిల్ పేరనే పిలిచినాడు. 1890లో గార్మన్ ఆ జాతిని శాస్త్రీయముగా వర్ణించినాడు. నేటికిని దాని శాస్త్రీయ నామము సిలూరస్ అరిస్టోటెలిస్. ఇరువది రెండు శతాబ్దుల పిమ్మట ఒక సాక్షికి న్యాయము జరిగినది.

పైపు చేపల రహస్యము కూడ ఆ శతాబ్దిలోనే అందరికి తెలిసినది. 1830లలో స్వీడను దేశపు ఎక్‌స్ట్రోమ్ పరిశీలనలు, ఇంగ్లండులో యారెల్ వ్రాసిన బ్రిటిష్ మత్స్యముల గ్రంథము ఈ విషయమును ప్రచారమునకు తెచ్చినవి. శరీరమును కోసి చూడగా సంచి ఉన్న చేపలో అండకోశములకు బదులు వృషణములు కనిపించినవి. ఆడచేప తన గ్రుడ్లను మగచేప సంచిలో ఉంచును; మగచేప వానిని అక్కడనే ఫలదీకరించి పిల్లలగు వరకు మోయును. వీని దగ్గరి చుట్టములైన సముద్రపు గుర్రములలోను ఇంతే. ఆ సంచి ఊరక గ్రుడ్లు దాచుకొను జోలె కాదు. దాని గోడలలోని రక్తనాళములు పిండములకు ప్రాణవాయువునందించును. లోపలి ద్రవములోని ఉప్పును సంచి అదుపులో ఉంచును. నిజముగా ఇది పురుష గర్భమే.

అదే కాలమున పారిస్ నగరములో విక్టర్ కోస్త్ అను శాస్త్రజ్ఞుడు స్టికిల్‌బాక్ అను చిన్న ముళ్ళచేప గూడు కట్టు విధమును 1840లలో శ్రద్ధగా పరిశీలించి ప్రకటించినాడు. 1857లో అమెరికాకు చెందిన వైమన్ దక్షిణ అమెరికా మీసపు చేపల నోట గ్రుడ్లు ఉండుటను తెలియజేసినాడు. సింహళము నుండియు అట్టి వార్తలే వచ్చినవి.

మన దేశమునకు సంబంధించిన సాక్ష్యము ఫ్రాన్సిస్ డే ఇచ్చినాడు. మద్రాసు సైన్యములో వైద్యుడుగా పనిచేసి, తరువాత మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డే 1875–78 మధ్య భారతదేశపు మత్స్యములను గూర్చి బృహద్గ్రంథమును వెలువరించినాడు. సముద్రతీరమందలి ఏరియస్ జాతి జెల్లల నోట గోలీకాయలంత గ్రుడ్లు ఉండుట ఆయన చూచినాడు. అట్లు గ్రుడ్లను మోయుచున్నవి మగచేపలు. వాని ప్రేగులలో ఆహారపు జాడయే లేదు. నోటినిండ బిడ్డలను పెట్టుకొన్న తండ్రి భోజనము చేయుట ఎట్లు? పిల్లలు బయటకు పోవువరకు ఉపవాసమే.

డార్వినుకు ఎదురైన చిక్కు

1871లో డార్విను మానవుని పుట్టుకను, లైంగిక వరణమును గూర్చిన గ్రంథమును ప్రకటించినాడు. మగజంతువులు ఆడవాని కొరకు పోటీపడును. ఆడజంతువులు వానిలో నచ్చినదానిని ఎంచుకొనును. అందువలననే మగవానికి కొమ్ములు, పింఛములు, రంగులు ఏర్పడినవని ఆయన వాదము. గ్రుడ్లను సంచిలో, నోటిలో మోయు మగచేపల సంగతి ఆయనకు తెలియును. గ్రంథములో వానిని ప్రస్తావించినాడు. సోలినోస్టోమా అను చేపలో ఆడదానికే సంచియు, ఎక్కువ రంగులును ఉండుటను ఒక వింత మినహాయింపుగా పేర్కొన్నాడు. అయితే ఈ తండ్రి చేపలు మొత్తము సిద్ధాంతమునకు ఏమి నేర్పగలవను ప్రశ్న మరి నూరేండ్ల వరకు పక్కననే ఉండిపోయినది.

గాజుతొట్టిలో ఒక నాట్యము

ఇరువదవ శతాబ్దిలో ఈ కథ హాలెండు దేశపు లైడెన్ విశ్వవిద్యాలయమునకు చేరినది. 1930లలో అచ్చట నికో టింబర్గెన్, ఆయన విద్యార్థులు స్టికిల్‌బాక్ చేపలను గాజుతొట్లలో పెంచి వాని ప్రవర్తనను పరిశీలించిరి.

వసంతకాలము రాగానే మగ స్టికిల్‌బాక్ ఒక చోటును తన సొంతము చేసికొనును. దాని గొంతు, పొట్ట ఎర్రబారును. ఇసుకలో గుంట త్రవ్వి, నాచుపోగులను తెచ్చి, తన మూత్రపిండములలో ఊరు జిగురుతో వానిని అతికించి గూడు కట్టును. మధ్యగా దూరి పోయి ఒక సొరంగమును చేయును. గ్రుడ్లతో పొట్ట ఉబ్బిన ఆడచేప కనబడగానే అటునిటు వంకరటింకరగా ఈదుచు నాట్యమాడును. ఆమె సమ్మతించి వెంట వచ్చినచో గూటి ద్వారమును చూపును. ఆమె లోపలికి దూరిన తరువాత తోక మొదలున మూతితో పొడుచుచుండగా ఆమె గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. అతడు వెనువెంటనే గూటిలో దూరి గ్రుడ్లను ఫలదీకరించి, ఆమెను తరిమివేయును. ఇట్లు ఒకే గూటిలో పలువురు ఆడచేపలు గ్రుడ్లు పెట్టుట కలదు. ఆ తరువాత అతడు రెక్కలతో గూటిలోనికి క్రొత్తనీటిని విసరుచు, సుమారు వారము దినములకు పిల్లలు వెలువడగా, దూరముగా పోయినవానిని నోట కరచి తెచ్చుచు కొన్నాళ్ళు కాపాడును.

చేప ఆకారము సరిగా లేకున్నను, అడుగుభాగము ఎర్రగా ఉన్న బొమ్మను చూపినచో మగచేప ఎదిరించుననియు, ఆకారము సరిగా ఉండి ఎరుపు లేని బొమ్మను అంతగా లెక్కచేయదనియు టింబర్గెన్ వ్రాసినాడు. కిటికీ అవతల ఎర్రని తపాలాబండి పోవునపుడు తొట్లలోని మగచేపలు దానిమీదికి ఉరకబోయినవన్న సంగతి చాల ప్రసిద్ధమైనది. ఆ తరువాత ఇతరులు చేసిన ప్రయోగములలో ఎరుపునకు ప్రతిసారి అదే ఫలితము రాలేదు. అయినను ప్రవర్తనను కూడ కొలిచి, ప్రశ్నించి, ప్రయోగము చేసి తెలిసికొనవచ్చునను మార్గము స్థిరపడినది. 1973లో టింబర్గెనుకు, లోరెంజ్, ఫాన్ ఫ్రిష్ గారలతో కలిపి నోబెల్ బహుమానము లభించినది.

తండ్రియే ఎందుకు?

“ఎట్లు” అను ప్రశ్నకు జవాబు దొరకినది. “ఎందుకు” అనునది మిగిలినది. 1948లో ఇంగ్లండులో బేట్‌మన్ పండ్ల ఈగలపై ప్రయోగములు చేసి, జోడీల సంఖ్య పెరిగినకొలది మగవాని సంతానము పెరుగుననియు, ఆడవాని సంతానము అంతగా పెరగదనియు వ్రాసినాడు. (2012లో ఆ ప్రయోగమును మరల చేసినవారు దాని పద్ధతిలో లోపములు కలవని చూపినారు.) 1972లో రాబర్ట్ ట్రివర్స్ దీనిని విస్తరించినాడు. స్త్రీయా, పురుషుడా అనునది మూలము కాదు. సంతానము కొరకు ఎవరు ఎక్కువ వెచ్చింతురన్నదే మూలము. ఎక్కువ వెచ్చించువారి కొరకు తక్కువ వెచ్చించువారు పోటీపడుదురు. ఇది నిజమైనచో తండ్రి భారము మోయు జాతులలో పోటీ ఆడవాని మధ్య కనబడవలెను. ఒకప్పటి వింత మినహాయింపు ఈనాడు సిద్ధాంతమునకు గీటురాయి అయినది.

చేపలలో తండ్రి పెంపకము ఏల ప్రబలినదను ప్రశ్నకు 1976లో డాకిన్స్, కార్లైల్ ఒక సమాధానము సూచించిరి. నీటిలో ఆడచేప ముందుగా గ్రుడ్లు విడుచును, మగచేప తరువాత శుక్రమును విడుచును. ముందు పని ముగించినవారు ముందు తప్పించుకొని పోవుదురు. మిగిలినవానిపై భారము పడును. వినుటకు సొగసైన వాదమే. కాని ఇద్దరును ఒకేసారి విడుచు జాతులను చూడగా వానిలోను తండ్రి పెంపకమే ఎక్కువ. కనుక ఈ వాదము నిలువలేదు.

నేడు ఎక్కువ మంది అంగీకరించు కారణములు రెండు. మొదటిది, మగచేప గ్రుడ్లు పెట్టు స్థలమును ఎట్లును కాపాడుకొనును; గ్రుడ్లను కాపాడుటకై అదనముగా పడు శ్రమ కొద్ది. పైగా ఒకే కాపలాలో పలువురు తల్లుల గ్రుడ్లు ఇముడును. స్టికిల్‌బాక్ ఆడచేపలు ఇదివరకే గ్రుడ్లున్న గూటినే ఎక్కువగా కోరునని 1981లో రిడ్లీ, రెక్టెన్ చూపినారు. అనగా మంచి తండ్రి అనిపించుకొనుట పెండ్లికి అడ్డు కాదు, అదే సిఫారసు. రెండవది, చేప బ్రతికినన్నాళ్ళు పెరుగును. ఆడచేప శరీరము పెరిగినకొలది గ్రుడ్లు పెరుగును. తిండి మాని కాపలా ఉన్నచో తల్లికి కలుగు నష్టము తండ్రికి కలుగుదానికంటె ఎక్కువ.

అయితే తండ్రి చేపను ఆదర్శపురుషునిగా చిత్రించుట తగదు. కాపలా తండ్రి ఆకలిగొన్నపుడు తన గ్రుడ్లలో కొన్నింటిని తానే తినుట కలదు. పొరుగు గూటి గ్రుడ్లను దొంగిలించు స్టికిల్‌బాక్‌లు కలవు. ఉత్తర అమెరికాలోని బ్లూగిల్ చేపలలో, గూడు కట్టక దొంగచాటుగా వచ్చి ఇతరుల గూళ్ళలో శుక్రము విడిచిపోవు చిన్నమగచేపలు కలవు. వాని సంతానమును గూటి యజమాని పెంచును. ఒక పైపు చేప జాతిలో, చిన్న ఆడచేప ఇచ్చిన గ్రుడ్లలో మగచేప సంచిలో తక్కువ పిల్లలు మాత్రమే బ్రతుకునని 2010లో పాజోల్ట్, జోన్స్ ప్రకటించినారు.

పాత్రలు తారుమారు

ట్రివర్స్ సూచించిన పరీక్ష స్వీడను తీరములో జరిగినది. 1980లలో బెర్గ్‌లుండ్, రోసెంక్విస్ట్, స్వెన్సన్ అక్కడి పైపు చేపలను పరిశీలించిరి. ఒక ఆడచేప ఇచ్చు గ్రుడ్లు ఒక మగచేప సంచి నింపి మిగులును. కనుక సంచులకే కొరత. అందువలన ఆడచేపలు మగచేపల కొరకు పోటీపడును, మగచేపలు ఎంచుకొనును. ఊహ నిజమైనది.

అంతటితో సముద్రపు గుర్రముల సంగతియు తేలినదని అనుకొనిరి. తండ్రి గర్భము మోయును గనుక అచ్చటను ఆడవియే పోటీపడవలెను గదా! అమాండా విన్సెంట్ అను పరిశోధకురాలు శ్రద్ధగా పరిశీలించి 1994లో ఇందుకు భిన్నమైన ఫలితమును ప్రకటించినది. తాను చూచిన సముద్రపు గుర్రములలో గర్భము మోయునది మగదే, జోడీ కొరకు ఎక్కువగా పోటీపడునదియు మగదే. కనుక పెంపకము ఎవరిదన్న ప్రశ్న ఒకటి, పోటీ ఎవరిదన్న ప్రశ్న మరియొకటి. 1991లో క్లట్టన్-బ్రాక్‌తో కలిసి ఆమె చూపిన ప్రకారము, రెండవదానిని నిర్ణయించునది ఒక ఈత ముగించి మరల జోడీకి సిద్ధమగుటకు ఎవరికి ఎంత కాలము పట్టునన్నది.

ఇంకను ఆశ్చర్యకరమైన సంగతి 2004లో స్వీడను తీరమునుండియే వెలువడినది. రెండు చుక్కల గోబీ అను చిన్నచేపలో తండ్రియే గ్రుడ్లను కాపాడును. ఋతువు ఆరంభమున మగచేపలు పోటీపడి ఆడచేపలను వెంబడించును. ఋతువు ముగియు వేళకు మగచేపల సంఖ్య చాల తగ్గిపోవును; అప్పుడు ఆడచేపలే మగచేపల చుట్టు తిరుగును. కొద్ది నెలలలో, ఒకే తీరములో, ఒకే జాతిలో పాత్రలు తారుమారైనవి. ఇది ఆడవాని స్వభావము, అది మగవాని స్వభావము అని శాశ్వతముగా గిరిగీయుటకు ఇచ్చట చోటేది?

మన చెరువులు, మన తీరము

ఈ జ్ఞానమునకు ఆచరణలో విలువ కలదు. మన చెరువులలోని కొరమీను నాచుమొక్కల నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై తేలును. ఎర్రని పిల్లలు గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చుచు తిరుగునపుడు పెద్దచేప క్రింద కాపలా ఉండును. ఆ గుంపును చూచియే వేటగాండ్రు పెద్దచేపను పట్టుదురు. అఖెలోస్ నదిలో జరిగినదే ఇచ్చటను జరుగుచున్నది. ఒక బొచ్చెచేప గ్రుడ్లు విడిచిన తరువాత దానిని పట్టినచో పోవునది ఆ ఒక్క చేపయే. కాపలా ఉన్న కొరమీనును పట్టినచో దానితోపాటు ఆ గుంపు మొత్తము ఇతర చేపల పాలగును. నోట గ్రుడ్లున్న జెల్లను వలవేసి పట్టినను అంతే. తిలాపియా మన దేశమునకు 1952లో తేబడినది. దానిలో నోట గ్రుడ్లు మోయునది తల్లి. కనుక ఏ జాతిలో కాపలా ఎవరిదో ఎరిగి యుండుట వేట నియమములకు మొదటి మెట్టు.

సముద్రపు గుర్రముల గతి ఇంకను ఇట్టిది. ఎండబెట్టి మందులకై అమ్ముటకు వానిని విపరీతముగా పట్టుచుండుటచే, 2001లో మన ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టములో సముద్రపు గుర్రములను, పైపు చేపలను చేర్చినది. 2002లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందములో సముద్రపు గుర్రములకు నియంత్రణ నిర్ణయింపబడి, 2004లో అమలునకు వచ్చినది. నిండుసంచితో ఉన్న ఒక్క మగదానిని పట్టినచో పోవునది ఒక్క ప్రాణము కాదు.

అరిస్టాటిల్ జాలరుల మాట విన్నచోట సత్యమును చూచినాడు. కడుపుతో ఉన్నది తల్లియేయని ముందే తలచినచోట తప్పినాడు. ఆ తరువాతి శాస్త్రజ్ఞుల కథయు అంతే. ఎవరు పెంచవలెను, ఎవరు పోటీపడవలెను అనుదానిని నీరు, తిండి, కాలము, గూటికి చోటు, జోడీల లెక్క కలిసి నిర్ణయించును. మన అలవాట్లను చేపలపై రుద్దక, చేపలను చేపలుగా చూచినవారికే అవి తమ రహస్యమును చెప్పినవి.